ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్న దళిత విద్యార్థులు

డిగ్రీ పూర్తయ్యాక పీజీలో సీటు వచ్చింది. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. నేను చదివిన ప్రైవేట్ కాలేజీ వాళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదని, నలభై వేలు కట్టి తీసుకుపొమ్మని చెప్పారు. స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చూస్తే నా దరఖాస్తు ‘మంజూరైంది’ అనే కనిపించేది. మంజూరైన డబ్బు ఎక్కడ ఆగిందో తెలుసుకుందామని ఒక కార్యాలయానికి పోయాను. అక్కడి గుమస్తా కసురుకోలేదు, కూర్చోమని కుర్చీ చూపించాడు. "బిల్లు మా దగ్గర లేదు తమ్మీ. టోకెన్ పడ్డది. పైసలు ఎప్పుడు పడ్తయో పైనోళ్లకే ఎరుక" అన్నాడు.

అమ్మ మూడు రూపాయల వడ్డీకి నలభై వేలు తెచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత ప్రభుత్వం డబ్బు విడుదల చేసింది, కాలేజీ మా నలభై వేలు మాకు తిరిగి ఇచ్చింది. నెలకు పన్నెండు వందల చొప్పున ఆ పద్నాలుగు నెలలకు అమ్మ కట్టిన వడ్డీ 16,800 రూపాయలు. ప్రభుత్వ పుస్తకాల్లో నా పేరు మీద జరిగిన ఖర్చు పైసా తేడా లేకుండా ఉంటుంది. అమ్మ కట్టిన వడ్డీ మాత్రం ఏ పద్దులోనూ ఉండదు. నా పరిశోధన మొదలైంది ఈ కనిపించని పద్దు దగ్గరే.

ప్రభుత్వ నిధుల నిర్వహణలో సంస్కరణల గురించి దేశంలోనూ అంతర్జాతీయంగానూ చాలా చర్చ జరుగుతోంది. పారదర్శకత, డిజిటల్ చెల్లింపులు, ఫలితాల బడ్జెట్ లాంటి మాటలు ప్రతి నివేదికలోనూ కనిపిస్తాయి. ఈ సంస్కరణలు అక్కర్లేదని నేను అనను. అయితే అవి ఒక ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాయి. ఖజానాలో డబ్బు చాలనప్పుడు ఎవరి బిల్లు ముందు చెల్లించాలో, ఎవరిని వెయిట్ చేయించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ నిర్ణయానికి చట్టం లేదు, గడువు లేదు, జవాబు చెప్పే మనిషి లేడు. చట్టం లేని ప్రతి చోటా ఈ దేశంలో పని చేసేది కులమే.

కేటాయింపు, విడుదల, చెల్లింపు

బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి చదివే అంకె కేటాయింపు. అంటే ఖర్చు పెట్టుకోవడానికి శాసనసభ ఇచ్చిన అనుమతి మాత్రమే. అది డబ్బు కాదు. తర్వాత ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, సంక్షేమ శాఖ పాలనా అనుమతి ఇవ్వాలి, డ్రాయింగ్ అధికారి బిల్లు పెట్టాలి, ట్రెజరీ దాన్ని పరిశీలించి టోకెన్ నంబరు వేయాలి. ఇన్ని దాటాక కూడా ఖజానాలో నగదు పరిస్థితిని బట్టి ఆర్థిక శాఖ ఊ అంటేనే బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. మార్చి 31 దాటితే ఆ అనుమతి కాస్తా మురిగిపోతుంది.

ఈ గొలుసులో మొదటి మెట్టు మీద టీవీ కెమెరాలు ఉంటాయి, సభలో చర్చ ఉంటుంది. చివరి మెట్టు మీద ఏమీ ఉండదు. ‘ఎస్సీలకు ఇన్ని వేల కోట్లు’ అనే పతాక శీర్షిక మొదటి మెట్టుది. నా టోకెన్ నంబరు ఆగింది చివరి మెట్టు మీద.

హార్వర్డ్‌లో బోధించే మాట్ ఆండ్రూస్ 2013లో ప్రచురించిన పుస్తకంలో అభివృద్ధి చెందుతున్న దేశాల సంస్కరణలను పరిశీలించి ఇలాంటి విషయమే చెప్పారు. బడ్జెట్ తయారీ బాగుపడినంతగా బడ్జెట్ అమలు బాగుపడలేదని, కాగితం మీద చట్టాలు మెరుగైనంతగా ఆచరణ మెరుగవలేదని ఆయన గమనించారు. అంతకు ముందు 1998లో అలెన్ షిక్, న్యూజిలాండ్ తరహా సంస్కరణలను పేద దేశాలు నెత్తికెత్తుకోవద్దని హెచ్చరించారు. ముందు మామూలు నియమాలు మామూలుగా పాటించడం అలవాటు కావాలని ఆయన వాదన. ఈ ఇద్దరి మాటలూ మన సబ్‌ప్లాన్‌కు అక్షరాలా వర్తిస్తాయి. అయితే ఇద్దరూ కులం గురించి మాట్లాడలేదు. ఆ పని మనమే చేయాలి.

సబ్‌ప్లాన్: గెలిచిన సగం పోరాటం

1974లో ఐదో పంచవర్ష ప్రణాళికతో ట్రైబల్ సబ్‌ప్లాన్, 1979లో ఎస్సీల కోసం స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ వచ్చాయి. రెండో దాని వెనుక పి.ఎస్. కృష్ణన్ లాంటి నిబద్ధత గల అధికారి కృషి ఉంది. జనాభా దామాషాలో ప్రణాళిక నిధుల్లో వాటా అన్నది వాటి సారాంశం. కానీ అవి మార్గదర్శకాలే, చట్టాలు కావు. అందుకే మళ్లింపులు యథేచ్ఛగా సాగాయి. 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో ఎస్సీల నిధులు వందల కోట్లు మళ్లించిన విషయం పార్లమెంటులోనే బయటపడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, ఆదివాసీ సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే 2012 డిసెంబర్‌లో శాసనసభ బిల్లును ఆమోదించింది, 2013లో అది చట్టమైంది. దేశంలో సబ్‌ప్లాన్‌కు చట్టబద్ధత ఇచ్చిన మొదటి రాష్ట్రం మనది. పదేళ్ల గడువు ముగుస్తున్నప్పుడు 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ దాన్ని ఆర్డినెన్సు ద్వారా మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. జనాభా ప్రకారం ఎస్సీలకు 15.45 శాతం, ఎస్టీలకు 9.08 శాతం వాటా, ఖర్చు కాని నిధుల మేరకు తర్వాతి ఏడాది భర్తీ అన్నది అందులోని ముఖ్యాంశం. బడ్జెట్ పద్దుల్లో ఎస్సీలకు 789, ఎస్టీలకు 796 అనే మైనర్ హెడ్లు ఉన్నాయి కాబట్టి ఎవరైనా లెక్క తీయవచ్చు. ఇవి చిన్న విజయాలు కావు.

అయినా నేను దీన్ని సగం గెలిచిన పోరాటం అనే అంటాను. ఈ చట్టాల బరువంతా కేటాయింపు మీదే ఉంది. ఖర్చు కాని సొమ్మును తర్వాతి ఏడాదికి కలపడం కూడా మళ్లీ కేటాయింపే. నిరుటి కాగితానికి ఈ ఏటి కాగితం కలుస్తుంది, నగదు కలవాలన్న హామీ లేదు.

పైగా చట్టంలోనే ఒక కంత ఉంది. విభజించడానికి వీలుకాని మౌలిక వసతుల పనుల్లో ప్రభుత్వం నిర్ణయించినంత భాగాన్ని ఎస్సీ, ఎస్టీల కోసం ఖర్చయినట్టు ‘భావించవచ్చు’. ఫ్లైఓవర్ కట్టినా, ప్రాజెక్టు కాలువ తవ్వినా అందులో మన వాటా మనకు అందినట్టే! కర్ణాటక చట్టంలో ఇలాంటి క్లాజే 7(డి). అక్కడి దళిత సంఘాల ఒత్తిడితో 2023లో ఆ ప్రభుత్వం దాన్ని తొలగించింది. అక్కడ సాధ్యమైంది తెలుగు రాష్ట్రాల్లో ఎందుకు సాధ్యం కాదు? ఇక ఏడాది చివర్లో సొమ్మును పి.డి. ఖాతాల్లోకి బదిలీ చేసి ఖర్చయినట్టు చూపడం గురించి కాగ్ ఎన్నిసార్లు రాసిందో లెక్కే లేదు. ఖజానా దృష్టిలో అది ఖర్చు. హాస్టల్ పిల్లవాడి కంచంలోకి మాత్రం ఏమీ రాలేదు.

కన్ను ఎటు చూస్తోంది?

గత పదిహేనేళ్లలో సాంకేతికంగా చాలా మారింది. కేంద్రంలో పి.ఎఫ్.ఎం.ఎస్. వచ్చింది. 2021 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాలకు రాష్ట్రంలో ఒక్కో పథకానికి ఒకే నోడల్ ఖాతా పద్ధతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2018లో సి.ఎఫ్.ఎం.ఎస్. తెచ్చింది, తెలంగాణకు ఐ.ఎఫ్.ఎం.ఐ.ఎస్. ఉంది. ఏ ఖాతాలో ఎంత సొమ్ము పనిలేకుండా పడి ఉందో ఆర్థిక శాఖ ఇప్పుడు క్షణంలో చూడగలదు. ఇది మంచిదే. నిధులు నెలల తరబడి ఏదో బ్యాంకులో నిద్రపోవడం తగ్గుతుంది.

కానీ ఈ వ్యవస్థల కన్ను ఎటు చూస్తోందో గమనించండి. పై నుంచి కిందికి చూస్తోంది. కింద ఖర్చు పెట్టేవాళ్లను ఖజానా చూడగలదు. కింద ఎదురుచూసేవాళ్లు ఖజానాను చూడలేరు. నా టోకెన్ వరుసలో ఎన్నోదో, నా తర్వాత వచ్చిన ఏ బిల్లు నాకంటే ముందు వెళ్లిందో నాకు చూపే తెర ఒక్కటీ లేదు. కంప్యూటర్ వచ్చాక ఆలస్యానికి తేదీ ముద్ర పడింది, కారణం మాత్రం ఎప్పటిలాగే పైనోళ్లకే ఎరుక.

ఈ చూపును తిప్పడం సాధ్యమే అని ఉగాండా అనుభవం చెబుతుంది. 1991–95 మధ్య అక్కడి ప్రాథమిక పాఠశాలలకు కేంద్ర ప్రభుత్వం పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని రిత్వా రైనిక్కా, యాకబ్ స్వెన్సన్ సర్వే తేల్చింది. బేరమాడగల తల్లిదండ్రులున్న బడులకు ఎక్కువ, పేద బడులకు తక్కువ అందింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో ప్రకటించడం, బడి గోడ మీద అందిన సొమ్ము రాయించడం మొదలుపెట్టింది. 2001 నాటికి బడికి చేరే వాటా 80 శాతం దాటింది. పత్రికా ప్రకటన ఒక్కటే ఇందుకు కారణం కాదని, అదే కాలంలో వేరే సంస్కరణలూ జరిగాయని తర్వాత విమర్శకులు వాదించారు. అది సబబైన విమర్శే. కానీ ఆ సర్వేలోని మరో విషయాన్ని ఎవరూ కాదనలేదు. నియమం లేని చోట డబ్బు బేరమాడగలవాళ్ల వైపే పారుతుంది.

మన దగ్గర బేరమాడగలవాళ్లు ఎవరు? కోట్ల రూపాయల బిల్లున్న కాంట్రాక్టరు సచివాలయానికి వెళ్లగలడు, ఎమ్మెల్యేతో ఫోన్ చేయించగలడు, బిల్లులు రాకపోతే పని ఆపేస్తానని బెదిరించగలడు. ఆయన కులం ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ప్రైవేట్ కాలేజీ యాజమాన్యాలు కూడా సంఘం పెట్టుకుని బంద్ ప్రకటించగలవు. మొదటి తరం దళిత విద్యార్థి ఏం ఆపేస్తాడు? చదువు ఆపేస్తాడు. అందువల్ల నష్టపోయేది అతనొక్కడే.

ఆలస్యానికి ధర ఉంది, మనకే లేదు

చెల్లింపు ఆలస్యమైతే నష్టపరిహారం అన్న ఆలోచన మన చట్టాలకు కొత్త కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు ఇవ్వాల్సిన బిల్లు 45 రోజుల గడువు దాటితే, కొనుగోలుదారు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి ఆలస్యమైతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం అని రాసుకున్నారు. అది ఎంత అరకొరగా అమలైందో తెలిసిందే, అయినా హక్కుగా రాసి ఉంది కాబట్టే 2018లో సుప్రీంకోర్టు దాకా ఆ వాదన వెళ్లగలిగింది. ప్రభుత్వం తెచ్చుకున్న అప్పుల మీద వడ్డీ అయితే రాజ్యాంగం ప్రకారమే సంచిత నిధి మీద తప్పనిసరి భారం.

స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మాత్రం పైసా వడ్డీ లేదు. ఖజానా అధికారి కుర్చీలో కూర్చుని ఆలోచించండి. ఒక బిల్లు ఆపితే వడ్డీ పడుతుంది, ఇంకో బిల్లు ఆపితే పని ఆగుతుంది, మరో బిల్లు ఆపితే ఏమీ కాదు. ఏది ఆపుతాడు? అతను కులవాది కానక్కర్లేదు. లెక్క తెలిసినవాడైతే చాలు. వివక్ష అతని మనసులో లేకపోయినా ఆ వరుసలోనే ఇమిడి ఉంది. ఇలా నగదు కొరత వచ్చిన ప్రతిసారీ దళిత, ఆదివాసీ కుటుంబాలు ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నాయి. ఆ అప్పు ఇవ్వడానికి అవి ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు చేస్తున్నాయి.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1944లో, బాబాసాహెబ్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో మొదలైన పథకం ఇది. ఇటీవలి దాకా ‘కమిటెడ్ లయబిలిటీ’ సూత్రం పేరుతో కేంద్రం తన భారాన్ని రాష్ట్రాల మీదికి నెట్టింది. విమర్శలు పెరిగాక 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 60:40 పద్ధతికి మారి, ఐదేళ్లకు 59,048 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు. కానీ రాష్ట్రం తన 40 శాతం వేశాకే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాకు వస్తుంది. అంటే రాష్ట్ర ఖజానాలో టోకెన్ ఆగితే ఢిల్లీలో ఉన్న డబ్బు కూడా ఆగుతుంది. పంపకం సూత్రం మారింది, వెయిటింగ్ మారలేదు.

‘డబ్బు లేదు’ అన్న జవాబు

ఈ వాదన వినగానే వచ్చే జవాబు నాకు తెలుసు. రాష్ట్రాల ఆదాయం జీతాలు, పెన్షన్లు, వడ్డీలకే సరిపోతోంది, రిజర్వ్ బ్యాంకు దగ్గర చేబదుళ్లతో నెలలు నెట్టుకొస్తున్నారు, లేని డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. విశ్వవిద్యాలయంలో కూర్చుని దాన్ని కొట్టిపారేయడం తేలిక, నేను ఆ పని చేయను. కానీ కొరత ఎంత నిజమైతే వరుస అంత ముఖ్యం. రేషన్ షాపులో బియ్యం తక్కువ వచ్చిన రోజే లైనులో ఎవరు ముందున్నారన్నది తేలాలి. అందరికీ సరిపడా ఉంటే లైను గొడవే ఉండదు. కొరత ఉంది కాబట్టి నియమం వద్దు అనడం తలకిందుల వాదన.

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా తలచుకుంటాం. ఆయన శిక్షణ మాత్రం ప్రభుత్వ ఆర్థిక శాస్త్రంలో. 1915లో కొలంబియాలో రాసిన ఎం.ఏ. వ్యాసం ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీద. 1925లో అచ్చయిన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ప్రభుత్వాల ఆర్థిక పరిణామం మీద. ఖజానా మీద అధికారం ఎవరిది, వాళ్లు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న ఆయనకు లెక్కల సమస్య కాదు, ప్రజాస్వామ్య సమస్య. 1949 మే నెలలో రాజ్యాంగ సభలో కాగ్ గురించి మాట్లాడుతూ బహుశా రాజ్యాంగంలో అందరికంటే ముఖ్యమైన అధికారి ఆయనే అన్న అర్థంలో చెప్పారు. ఆ మాటను మన ఉద్యమం ఇంకా పూర్తిగా అందిపుచ్చుకోలేదని నా బాధ. మనం బడ్జెట్ రోజు అంకెల మీద ధర్నా చేస్తాం. మార్చి 31 రాత్రి ట్రెజరీలో ఏం జరిగిందో అడగం.

అందుకే నాలుగు డిమాండ్లు చర్చకు పెడుతున్నాను.

ఒకటి. ఎస్సీ, ఎస్టీ నిధుల బిల్లుల వరుసను రోజువారీగా బహిరంగపరచాలి. పేర్లు అక్కర్లేదు. టోకెన్ నంబరు, తేదీ, మొత్తం, ఎన్ని రోజులుగా పెండింగ్‌లో ఉందో చాలు. 789, 796 పద్దుల్లో ముందు వచ్చిన బిల్లు ముందు చెల్లించాలి. తప్పితే కారణం రాయాలి.

రెండు. స్కాలర్‌షిప్, ఫెలోషిప్, హాస్టల్ మెస్ బిల్లులకు చట్టంలోనే గడువు పెట్టాలి. గడువు దాటితే వడ్డీ విద్యార్థికి అందాలి. ఆలస్యానికి ధర పెట్టకుండా వరుస మారదు.

మూడు. శాసనసభ చట్టం చేసి ఏ ఖర్చునైనా సంచిత నిధి మీద తప్పనిసరి భారంగా ప్రకటించవచ్చని రాజ్యాంగంలోని 202(3) అధికరణం చెబుతోంది. స్కాలర్‌షిప్ బకాయిలను అలా ప్రకటించాలి. దీంతో మాయ జరగదని నాకు తెలుసు. ఆ హోదా ఓటింగ్ నుంచి తప్పిస్తుంది తప్ప నగదు తెచ్చిపెట్టదు. కానీ జడ్జీల జీతాల సరసన, అప్పుల వడ్డీల సరసన దళిత విద్యార్థి చదువును నిలబెడుతుంది. గడువు, వడ్డీ తోడైతే ఆ హోదాకు బలం వస్తుంది.

నాలుగు. ‘ఖర్చయినట్టు భావించే’ క్లాజును రద్దు చేయాలి, పి.డి. ఖాతాకు బదిలీని ఖర్చుగా లెక్కించడం మానాలి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అదే తనిఖీ హాస్టళ్లకు, స్కాలర్‌షిప్‌లకు ఎందుకు లేదు?

ఇవి రాస్తున్నప్పుడు నా ఫెలోషిప్ కూడా పెండింగ్‌లోనే ఉంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పైసలు పడ్డయా బిడ్డా" అని అడుగుతుంది. మంజూరైందా అని ఒక్కసారి కూడా అడగలేదు. కేటాయింపుకూ చెల్లింపుకూ తేడా ఆమెకు నాకంటే ముందే తెలుసు. వచ్చే బడ్జెట్ రోజున మనమూ ఆమె అడిగిన ప్రశ్ననే అడుగుదాం. జై భీమ్.